ఊరికి వచ్చేది ముందుగాల కాగితం మీదికే వస్తది

ఏడాది ఆఖరుకు వచ్చిందంటే పేపర్లల్ల, టీవీలల్ల ‘ఈ ఏడు పది పెద్ద వార్తలు’ అని వేస్తరు. నేను పర్యావరణం మీద రాసే విలేకరిని. 2025ల రాసిన కథనాలన్ని ఒక దిక్కు, వాటి కోసం చదివిన కాగితాలన్ని ఒక దిక్కు పెట్టి చూసిన. అప్పుడు ఒక్క సంగతి మంచిగ అర్థమైంది. వార్త పుట్టేది బుల్డోజర్ వచ్చిన్నాడు. ఆ బుల్డోజర్ వస్తదని చెప్పే కాగితం మాత్రం ఆర్నెల్ల ముందో, ఏడాది ముందో ఏదో ఒక ఆఫీసుల పుట్టి, చప్పుడు చెయ్యకుంట ఫైలుల పండుకోని ఉంటది.

ఆ కాగితాన్ని ఊరోళ్లు టైముకు చదివిండ్రా లేదా అన్నదాని మీదనే సగం కథ నడుస్తది. చదివితే అడగనీకి టైము దొరుకుతది. చదవకపోతే రోడ్డు మీద కూసునుడు, కేసులు మీదేసుకునుడే మిగుల్తది. గందుకే ఈ ఏడు చదివిన కాగితాలల్ల ఏమున్నది, వాటిని ఊర్ల ఉన్న పోరగాండ్లు, పోరీలు ఎట్ల చదవాలె అన్నది చెప్త. ఇవి దాచిపెట్టిన కాగితాలు కావు. అందరికి హక్కున్నయే. మీ చేతుల ఉన్న ఫోన్లనే సగం దొరుకుతయి.

అడవి అంటే ఏంది?

ఈ ఏడు అందరికి యాదికున్న కథ కంచ గచ్చిబౌలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాలు. మార్చి ఆఖరుల రాత్రి పగలు మిషన్లు పెట్టి చెట్లు కొట్టిండ్రు. విద్యార్థులు అడ్డం పోయిండ్రు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకోని పనులు ఆపించింది. మిషన్లు ఆగేటాళ్లకు వంద ఎకరాల దాక సాఫ్ అయిపోయింది.

దాంట్ల అసలు లొల్లి ఒక్క మాట మీద నడిచింది. అది అడవా, కాదా? సర్కారు తరఫు మాట ఏందంటే, రికార్డులల్ల అది అడవి కాదు, కంచ పోరంబోకు అని. కంచ అంటే మనకు ఎర్కే, పసులు మేసే జాగ. అటు దిక్కు మాట ఏందంటే, జింకలున్నయి, నెమళ్లున్నయి, కుంటలున్నయి, చెట్లు కమ్ముకోని ఉన్నది, దీన్ని అడవి అనకపోతే ఏమంటరు అని.

ఈ లొల్లికి జవాబు కోసం చదివింది 1996 డిసెంబర్ 12 నాటి సుప్రీంకోర్టు ఆర్డరు. గోదావర్మన్ కేసు అంటరు. దాంట్ల కోర్టు తేల్చి చెప్పింది. అడవి అన్న మాటకు నిఘంటువుల ఏ అర్థమున్నదో అదే అర్థం తీసుకోవాలె, పట్టా ఎవలి పేరు మీద ఉన్నా, రికార్డుల ఏమని రాసి ఉన్నా సరే అని. అటువంటి జాగలను ప్రతి రాష్ట్రం వెతికి లిస్టు రాయాలని గూడ చెప్పింది. లిస్టుల ఉన్న జాగకు అడగనీకి మనిషి ఉంటడు. లిస్టుకు ఎక్కని జాగ మీదికి మిషన్ వస్తది.

మీ ఊరి చుట్టుపక్కల గూడ గిసొంటి జాగ ఉండే ఉంటది. చెట్లున్నయి, సీతాఫలాలు తెంపుకుంటరు, మేకలు తోల్కపోతరు. కాని రికార్డుల అది బంచరాయి అనో, సర్కారీ అనో ఉంటది. 2025 ఏప్రిల్ల ధరణి పోయి భూభారతి వచ్చింది. ఆ సర్వే నంబరు కొట్టి చూసుడు మీకు పెద్ద పనేం కాదు. ఒక్కసారి చూడున్రి. మీరు అడవి అని పిలిచే జాగను సర్కారు కాగితం ఏమని పిలుస్తున్నది? రెండు పేర్లు ఒక్కటి కాకపోతే, ఆ తేడాలకెల్లే రేపు మిషన్ వస్తది.

గుట్ట అంటే ఏంది?

నవంబర్ నెలల చదివిన ఇంకో కాగితం మన దిక్కుది కాదు. ఢిల్లీ, హర్యానా, రాజస్థాన్, గుజరాత్ మీదికెల్లి పోయే ఆరావళి గుట్టలది. చుట్టున్న నేల మీదికెల్లి 100 మీటర్లు, అంతకంటె ఎత్తు లేసినదాన్నే ఆరావళి గుట్ట అనాలె అన్న లెక్కను నవంబర్ 20న సుప్రీంకోర్టు ఒప్పుకున్నది. మరి 100 మీటర్ల కంటె తక్కువున్న గుట్టల గతి ఏంది, మైనింగోళ్లకు తలుపు తీసినట్టే కదా అని జనం బజార్లకెక్కిండ్రు. డిసెంబర్ 29న కోర్టు తన ఆర్డరును తానే ఆపుకున్నది.

ఆడి ముచ్చట మనకెందుకు అంటరా? మన తెలంగాణల గుట్టలు చానా వరకు పొట్టియే. ఒంటి బండలు, చిన్న బోళ్లు. కరీంనగర్ దిక్కు పోతే గ్రానైట్ కోసం నిలువుగ కోసిన గుట్టలు రోడ్డు మీదికే కనబడ్తయి. గుట్ట అంటే ఉత్త రాయి కాదు. వాన పడ్డప్పుడు నీళ్లను జారగొట్టి కింద కుంటకు పంపేది అదే. గుట్ట పోయిందంటే కుంటకు నీళ్లొచ్చే తొవ్వ పోయినట్టే. ఎత్తు కొలిచే కర్రకు ఆ నీళ్ల లెక్క కనబడదు.

క్వారీల సంగతుల ఊరోళ్లకు ఎర్కుండాల్సిన లెక్క ఇంకోటి ఉన్నది. చిన్న క్వారీకి గూడ పర్యావరణ అనుమతి ఉండాలె అని 2012ల దీపక్ కుమార్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. కాని 5 హెక్టార్ల లోపు ఉన్న ఒంటి క్వారీకి ఊరి సభ పెట్టే పని లేదు. గందుకే కొన్ని దిక్కుల పెద్ద గుట్టను ముక్కలు ముక్కలు చేసి లీజులు తీసుకుంటరు. ఒక్కొక్కటి చూస్తే చిన్నది, అన్ని కలిపితే గుట్టంత. దీనికి విరుగుడు గూడ రూల్స్‌లనే ఉన్నది. 500 మీటర్ల లోపల పక్కపక్కన ఉన్న లీజులను ఒక గుంపు లెక్క కలిపి కొలవాలె, కలిపితే 5 హెక్టార్లు దాటితే సభ పెట్టాలె. మీ ఊరి గుట్ట మీద ఎన్ని లీజులున్నయి, ఒకదానికి ఒకటి ఎంత దూరం అని లెక్కబెట్టుడు ఇంటర్ చదివిన పిల్లలకు రాని పనా?

చెరువు అంటే ఏంది?

ఆగస్టు 27, 28 తారీఖులల్ల కామారెడ్డి, మెదక్ జిల్లాలల్ల పడ్డ వాన మర్సిపోయేది కాదు. కామారెడ్డి జిల్లా రాజంపేట మండలం అర్గొండల ఒక్క దినంల 40 సెంటీమీటర్లు దాటింది. రోడ్లు తెగినయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకపోయింది, కాలనీలల్లకు నీళ్లొచ్చినయి. అంత వాన పడ్తే ఏ ఊరైనా ఆగమైతది, అది ఒప్పుకోవాలె. కాని అంత వానల గూడ కొన్ని ఇండ్లే ఎందుకు మునిగినయి, పక్కింటికి ఎందుకు రాలేదు అని అడిగితే జవాబు చెరువు నక్షల ఉంటది.

మన చెరువులు గొలుసుకట్టువి. మీది చెరువు నిండితే మత్తడి దుంకి, వాగుల పడి, కింది చెరువుకు పోతది. కాకతీయుల కాలంల, అంటే 800 ఏండ్ల కింద, పాకాల, రామప్ప, లక్నవరం కట్టినోళ్లకు ఈ లెక్క ఎర్కే. మత్తడి దాక నీళ్లు నిండినప్పుడు చెరువు ఎంత జాగ పట్టుకుంటదో ఆ గీతను కాగితాలల్ల ఎఫ్‌టీఎల్ అంటరు. ఎండకాలం చూస్తే అది ఎండిన నేల, మక్క గూడ ఏస్తరు. అది శిఖం భూమి. పదేండ్లు పెద్ద వాన పడకపోతే ప్లాట్లు గూడ అయితది. పదకొండో ఏడు నీళ్లు తమ జాగకు తాము వస్తయి. నీళ్లు రియల్ ఎస్టేట్ బ్రోచర్ చదవవు కదా.

ఈ గీత అవతల గూడ కొంత జాగ విడిచిపెట్టాలె. 2012ల వచ్చిన జీవో 168ల లెక్క ఇట్ల ఉన్నది. 10 హెక్టార్లు, అంతకు మించి ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు. అంతకంటె చిన్న కుంటైతే 9 మీటర్లు. వాగు, కాలువ 10 మీటర్ల కంటె ఎడల్పుంటే 9 మీటర్లు, తక్కువుంటే 2 మీటర్లు. ఆ జాగల ఇల్లు కట్టరాదు. దీనికి మీదికెల్లి 2002 నాటి వాల్టా చట్టం ఉన్నది, నీళ్లు, నేల, చెట్ల రక్షణ కోసం. చెరువులు, కుంటలు ఊరందరి ఆస్తి, కబ్జాలు తీసేయాలె అని 2011ల జగ్‌పాల్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ ముచ్చట రాసేటందుకు నీటిపారుదల శాఖ కాగితాలు, పాత ఊరి నక్ష, ఫోన్ల శాటిలైట్ ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసిన. మీరు గూడ చూడొచ్చు. ఇస్రోవాళ్ల ‘భువన్’ ఉన్నది, గూగుల్ ఎర్త్‌ల పాత ఏండ్ల ఫోటోలు ఉన్నయి. మీ చెరువు 2010ల ఎట్లున్నది, ఇప్పుడెట్లున్నదని వేలు పెట్టి జరిపి చూడున్రి. కట్ట ఆడనే ఉంటది. లోపల నీళ్ల జాగనే ఏడాదికింత తగ్గుకుంట వస్తది.

సభల మాట్లాడితే ఏమైతది?

ఈ ఏడు ఎక్కువ టైము పోయింది ప్రజాభిప్రాయ సేకరణ సభల కాగితాల మీద. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2006 సెప్టెంబర్ 14న వచ్చిన నోటిఫికేషన్ దీనికి మూలం. పెద్ద ఫ్యాక్టరీ, గని వచ్చే ముందు దాంతోని ఏమేం నష్టమైతదో కంపెనీ ఒక నివేదిక రాయించాలె. దాన్నే ఈఐఏ అంటరు. దాని మీద ఊరోళ్ల మాట వినాలె.

దీంట్ల మీకు ఎర్కుండాల్సినయి చెప్త. సభకు కనీసం 30 దినాల ముందు నోటీసు రావాలె, అందుల ఒకటి మన భాష పేపర్ల రావాలె. సభ నడిపేది కాలుష్య నియంత్రణ మండలి, ముందట కూసునేది కలెక్టరో, అదనపు కలెక్టర్ స్థాయికి తక్కువ కాని ఆఫీసరో. ముసాయిదా నివేదిక కలెక్టర్ ఆఫీసుల, జిల్లా పరిషత్తుల, జిల్లా పరిశ్రమల కేంద్రంల, ఊరి పంచాయతీల పెట్టాలె. సారాంశం తెలుగుల ఉండాలె. సభ అంతా వీడియో తియ్యాలె. ఎవరేమన్నరో రాసి, ఆఖరుకు చదివి వినిపించాలె. సభకు రానోళ్లు రాసి గూడ పంపొచ్చు.

ఇంకో ముచ్చట. సభ మొదలు పెట్టనీకి ఇంతమంది ఉండాలని లెక్కేం లేదు. ‘మనం పోకపోతే సభ ఆగిపోతది’ అని కొన్ని ఊర్లల్ల అనుకుంటరు. ఆగదు. ఖాళీ కుర్చీల ముందట గూడ సభ అయిపోతది, ‘ఎవ్వరు అభ్యంతరం చెప్పలేదు’ అని రాసుకపోతరు.

ఒక సభల తెలుగు సారాంశం చదివిన. దాంట్ల తెలుగు అక్షరాలున్నయి గాని తెలుగు లేదు. ‘ద్రవ వ్యర్థాల శూన్య విడుదల విధానం’ అని రాసిండ్రు. ఖరాబు నీళ్లు బయటకు ఒక్క చుక్క గూడ విడువం అని చెప్పనీకి గన్ని తిప్పలు. ఆ సభల ఎన్నో ఉపన్యాసాలు అయినయి, జిందాబాద్‌లు అయినయి. ఆఖరుకు ఒక పెద్దమ్మ మైకు దగ్గరికొచ్చి అడిగింది. ‘బిడ్డా, మీరు ఏస్తనన్న బోర్లు ఎన్ని? ఎంత లోతు? మా బాయి మీ గోడకు ఎంత దూరం?’ కంపెనీ మనిషి కాగితాలు తిప్పుకుంట నిలబడ్డడు. మినిట్స్‌ల జిందాబాద్‌లు ఒక్క లైన్ల కలిసిపోయినయి. ఆమె అడిగిన మూడు సవాళ్లు మాత్రం మూడు సవాళ్ల లెక్కనే రికార్డుకెక్కినయి, వాటికి కంపెనీ రాసి జవాబియ్యాల్సి వచ్చింది.

సభ ఓటింగ్ కాదు. ఊరంత వద్దన్నా ఢిల్లీలనో హైదరాబాద్‌లనో అనుమతి ఇయ్యొచ్చు. కాని అడిగిన సవాలు రికార్డుల ఉంటే, జవాబు లేకుంట అనుమతి ఇస్తే, జాతీయ హరిత ట్రిబ్యునల్‌ల అదే మీ ఆయుధం. మనకు చెన్నై బెంచి. అనుమతి వచ్చిన 30 దినాలల్ల అప్పీలు వెయ్యాలె, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 దినాలు ఇస్తరు. ఆ గడువు దాటితే ఎంత న్యాయమున్నా తలుపు మూసుకుంటది.

300 పేజీల్ల ఏ పేజీ చదవాలె?

ఈఐఏ నివేదిక చూస్తే భయమైతది, కట్టలు కట్టలుగ ఉంటది. అంతా చదవాల్సిన పని లేదు. ముందుగాల నాలుగు జాగలు చూస్త.

మొదటిది నీళ్లు. రోజుకు ఎన్ని కిలోలీటర్లు, యాడికెల్లి? ఒక కిలోలీటర్ అంటే వెయ్యి లీటర్లు. ఉదాహరణకు 500 కిలోలీటర్లు అని ఉన్నదనుకోన్రి, అది 5 లక్షల లీటర్లు. మిషన్ భగీరథల పల్లెటూర్ల మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్క. అంటే 5 వేల మంది ఉన్న ఊరి నీళ్లు ఆ ఒక్క ఫ్యాక్టరీ తాగుతదన్నట్టు. గీ లెక్క ఊర్ల చెప్తే ఎవరికైనా అర్థమైతది.

రెండోది సర్వే నంబర్లు. ఏ నంబరు పట్టా, ఏది సర్కారీ, మధ్యల వాగు ఉన్నదా, బండ్ల బాట ఉన్నదా?

మూడోది చుట్టు 10 కిలోమీటర్ల లిస్టు. దాంట్ల మీ చెరువు పేరున్నదా, మీ బడి పేరున్నదా? ఈడ నకలు కొట్టే పని జరుగుతది. మహారాష్ట్ర రత్నగిరి జిల్లాల ఒక బాక్సైట్ గని నివేదికల రష్యాల ఉన్న గని నివేదిక నుంచి ఎత్తి రాసిన ముచ్చట దేశమంత తెలిసింది. రష్యాల ఉండే చెట్టు మీ ఊర్ల ఉండదని చెప్పనీకి సైంటిస్టు గావాల్నా? మేకలు కాసే తాత చాలు.

నాలుగోది తారీఖు. గాలి, నీళ్లు ఎప్పుడు కొలిచిండ్రు? రూల్ ప్రకారం చానా వాటికి ఒక్క సీజన్ కొలిస్తే సరిపోతది, అది గూడ వానకాలం కాకుంట. అంటే వాగు ఎండినప్పుడు వచ్చి చూసి, ‘ఈడ నీళ్ల ప్రవాహం లేదు’ అని రాసుకపోతరు. ఆగస్టుల అదే వాగు ఎట్ల పారుతదో మీ ఫోన్ల వీడియో ఉంటది కదా. తారీఖుతోని దాచిపెట్టున్రి. మీరు స్టేటస్ పెట్టి మర్సిపోయేదే రేపు సాక్ష్యం అయితది.

సభే లేని ఫ్యాక్టరీలు

అన్నిటికి సభ ఉండదు. ఇది మన దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీల ముచ్చటల మంచిగ కనబడ్డది. పెట్రోల్ల 20 శాతం ఇథనాల్ కలపాలన్న గురిని కేంద్రం 2030 నుంచి 2025కు ముందుకు జరిపింది. దానికోసం ధాన్యంతోని ఇథనాల్ తీసే ఫ్యాక్టరీలకు 2021ల సడలింపు ఇచ్చింది. ఖరాబు నీళ్లు బయటకు విడువం, పెట్రోల్ల కలిపేందుకే చేస్తం అంటే వాటిని ‘బీ2’ అనే జాబితాల పెట్టిండ్రు. బీ2 అంటే ఊరి సభ ఉండదు.

తర్వాత ఏమైందో చూసిండ్రు. 2024 నవంబర్‌ల నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌ల జనం హైవే మీద కూసున్నరు, సర్కారు పనులు ఆపింది. 2025 జూన్‌ల జోగులాంబ గద్వాల జిల్లా పెద్ద ధన్వాడల ఫ్యాక్టరీ జాగ కాడ గొడవ అయ్యి రైతుల మీద కేసులైనయి, వాళ్లకు బేడీలు వేసి కోర్టుకు తీస్కపోయిన ఫోటోలు రాష్ట్రమంత చూసింది. మైకు ముందట చెప్పుకునే జాగ తీసేస్తే, మాట రోడ్డు మీదికి వస్తది. కోపం తక్కువ కాదు, యాడ పడాలో తెల్వని కోపం అయితది.

సభ లేకున్నా కాగితం మాత్రం ఉంటది. పర్యావరణ అనుమతికి వచ్చిన దరఖాస్తులు 2018 నుంచి ‘పరివేష్’ అనే కేంద్ర సర్కారు వెబ్‌సైట్ల పెడ్తున్నరు. జిల్లా పేరు కొట్టి వెతకొచ్చు. ఇది గాక కట్టుడుకు ఒక అనుమతి, నడుపుడుకు ఒక అనుమతి కాలుష్య మండలి దగ్గర తీసుకోవాలె. అనుమతి వచ్చినంక ఏడు దినాలల్ల పేపర్ల ప్రకటన ఇయ్యాలె. నడుస్తున్న ఫ్యాక్టరీ షరతులు పాటిస్తున్నదా అన్న రిపోర్టు ఏడాదికి రెండుసార్లు, జూన్ 1న, డిసెంబర్ 1న ఇయ్యాలె. దొరకకపోతే సమాచార హక్కు చట్టం ఉన్నది. మన దగ్గర ఊరి స్థాయి ఆఫీసుల దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంల 5 రూపాయలు, మీది ఆఫీసులల్ల 10 రూపాయలు. 30 దినాలల్ల జవాబు రావాలె.

‘ముందు’ అన్న మాటకు గూడ ఈ ఏడు పెద్ద లొల్లి అయింది. పర్మిషన్ లేకుంట కట్టేసి, తర్వాత వచ్చి అడిగితే ఇయ్యొద్దు అని మే 16న వనశక్తి కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. నవంబర్ 18న ముగ్గురు జడ్జీల బెంచి ఇద్దరు ఒక దిక్కు, ఒకరు ఒక దిక్కు అయ్యి ఆ తీర్పును వెనకకు తీసుకున్నది. ఒప్పుకోనిది జస్టిస్ ఉజ్జల్ భుయాన్, మన తెలంగాణ హైకోర్టుకు చీఫ్ జస్టిస్‌గ చేసినాయన. ఆ రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చదివితే సవాలు ఒక్కటే. అయిపోయిన కట్టడం కూలగొడ్తే దేశం పైసలు పోతయి అని ఒక దిక్కు, అట్లనుకుంటే ముందుగాల అడిగేటోడు ఎవడు అని ఇంకో దిక్కు. మన ఊర్ల భాషల చెప్పాలంటే, చేను మేసినంక కంచె వేసుడు న్యాయమా కాదా అన్నదే.

డబ్బా మీది చిన్న కాగితం

తీర్పులు, నివేదికలే కాదు, రెండు పుస్తకాలు గూడ మల్ల చదివిన. ఒకటి 1962ల అమెరికాల రేచల్ కార్సన్ రాసిన ‘సైలెంట్ స్ప్రింగ్’. డీడీటీ అసొంటి మందులు పురుగుల నుంచి పిట్టలల్లకు, చేపలల్లకు, మనుషులల్లకు ఎట్ల ఎక్కుతయో లెక్క ప్రకారం చూపించింది. కంపెనీలు ఆమె మీద విరుచుకపడ్డయి. 1972ల అమెరికా పంటల మీద డీడీటీ వాడుడు బంద్ చేసింది. రెండోది 1993ల అనుపమ్ మిశ్ర హిందీల రాసిన ‘ఆజ్ భీ ఖరే హై తాలాబ్’. చెరువు తవ్వినోళ్లు, కట్ట కాసినోళ్లు, నీళ్లు పంచినోళ్లు, వాళ్ల తెలివి మీద రాసిన పుస్తకం. మన నీరటోళ్లు యాదికొస్తరు. హిందీ చదవనొస్తే తప్పక చదువున్రి.

కార్సన్ పుస్తకం చదివినంక ఇంట్ల ఉన్న పురుగు మందు డబ్బా చేతుల పట్టుకోని చూడున్రి. దాని మీద ఒక చతురస్రం ఉంటది, దాంట్ల కింది సగం రంగు. ఎరుపు అంటే అన్నిటికంటె విషం. పసుపు దాని తర్వాత. నీలం మధ్యస్థం. ఆకుపచ్చ తక్కువ. తక్కువ అంటే విషం లేనిది అని కాదు. డబ్బా తోని ఒక కాగితం రావాలె, ఈడి భాషల గూడ ఉండాలె అని 1971 క్రిమిసంహారకాల నియమాలు చెప్తయి. దాంట్ల ఏ పంటకు, ఎంత మోతాదు, కొట్టినంక ఎన్ని దినాలకు కోయాలె, విషం ఎక్కితే డాక్టర్ ఏ విరుగుడు ఇయ్యాలె అని రాసి ఉంటది. నాయినలు ఆ కాగితాన్ని డబ్బా తెరవంగనే పారేస్తరు, అక్షరాలు చీమలంత ఉంటయి కాబట్టి. మీ కండ్లు మంచిగున్నయి, ఫోన్ల ఫోటో తీసి పెద్దగ చేసి చదివి వినిపియ్యున్రి. దవాఖానకు పోవాల్సి వస్తే ఆ ఫోటోనే ముందుగాల డాక్టర్‌కు చూపియ్యాలె. నేను ఏడాదంత చదివిన వాటిల్ల గింత చిన్న కాగితం ఇంకోటి లేదు, అంత తొందరగ ప్రాణం కాపాడే కాగితం గూడ ఇంకోటి లేదు.

ఏప్రిల్ 12న వనజీవి రామయ్య పోయిండు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి, 2017ల పద్మశ్రీ. చెట్లు పెట్టుమని రాసిన బోర్డును మెడల ఏసుకోని ఊరూరు తిరిగిండు. చదివేటోళ్లు దగ్గరికి రాకపోతే రాతనే వాళ్ల దగ్గరికి తీస్కపోయిన మనిషి ఆయన.

చదివితే సరిపోతదా?

సరిపోదు. దిలావర్‌పూర్‌ల పని ఆగింది జనం రోడ్డు మీద కూసుంటె. కంచ గచ్చిబౌలిల విద్యార్థులు మిషన్లకు అడ్డం పోకపోతే కోర్టు దాక ముచ్చటనే పోకపోవు. కాగితం ఒక్కటే ఊరిని కాపాడదు. కాని కాగితం తెల్వకుంట రోడ్డెక్కితే, ‘వీళ్లకు ఏం తెల్వది, ఎవరో ఎగేసిండ్రు’ అని తీసిపారేస్తరు. సర్వే నంబరుతోని, కిలోలీటర్ల లెక్కతోని మాట్లాడేటోన్ని అట్ల తీసిపారేసుడు కష్టం.

ఇంకో మాట గూడ విన్న. ‘అన్నా, మాకు నౌకర్లు లేవు, ఫ్యాక్టరీ వస్తే నువ్వెందుకు వద్దంటవు’ అని. నేను వద్దంటలేను. నౌకరి అడుగుడు తప్పు గాదు. అదే నివేదికల ఎంతమందికి పక్కా నౌకరి, ఎంతమందికి కట్టేటప్పటి కైకిలి అని వేరేవేరే రాసి ఉంటది. కట్టుడు అయిపోయినంక ఎంతమంది మిగుల్తరు, అండ్ల ఊరోళ్లు ఎంతమంది, దానికి ఊరు ఇచ్చే నీళ్లెన్ని? బేరం చేసేటప్పుడు రెండు పక్కల తూకం తెల్వాలె కదా. బర్రెను కొనేటప్పుడు పండ్లు చూస్తం, పొదుగు చూస్తం. ముప్పై ఏండ్లు ఉండే ఫ్యాక్టరీని కాగితం చూడకుంట ఎట్ల ఒప్పుకుంటం, ఎట్ల వద్దంటం?

డిసెంబర్ 11, 14, 17 తారీఖులల్ల పంచాయతీ ఎలక్షన్లు అయినయి. దాదాపు రెండేండ్ల తర్వాత ఊర్లకు సర్పంచులు వచ్చిండ్రు. కొత్త సర్పంచును వచ్చే నెల గ్రామసభల మూడు కాగితాలు అడుగున్రి. మా చెరువు ఎఫ్‌టీఎల్ నక్ష యాడున్నది? మా గుట్ట మీద ఎన్ని లీజులున్నయి? మా ఊరి సర్వే నంబర్ల మీద కాలుష్య మండలి దగ్గర ఏమన్న దరఖాస్తు పడి ఉన్నదా? సర్పంచుకు తెల్వకపోతే తప్పు పట్టకున్రి, కలిసి పోయి తెచ్చుకోన్రి. తెచ్చినంక పంచాయతీ గోడకు అంటియ్యున్రి, పెద్ద అక్షరాలల్ల.